పొన్నాని రేవులో ఇంజన్ల వైద్యం

మలబారు తీరంలోని పొన్నాని పట్టణం పేరు దీనీ విద్య అభ్యసించినవారికి కొత్త కాదు. షాఫయీ ఫిఖ్‌లో నేటికీ పాఠ్యగ్రంథంగా ఉన్న 'ఫత్‌హుల్ ముయీన్'ను రచించిన షేఖ్ జైనుద్దీన్ మఖ్దూమ్ ఈ ఊరి విద్వత్ పరంపరకు చెందినవారు. పోర్చుగీసు నౌకలు ఈ తీరంలో సాగించిన దౌర్జన్యాలను, వాటిని ఎదిరించిన ప్రజల గాథను 16వ శతాబ్దంలో 'తుహ్‌ఫతుల్ ముజాహిదీన్' పేరుతో అరబీలో గ్రంథస్థం చేసినదీ ఆయనే. ఇక్కడి పెద్ద జుమా మసీదులో వేలాడే దీపం చుట్టూ కూర్చుని దూరప్రాంతాల విద్యార్థులు చదువుకునేవారు. ఆ సంప్రదాయాన్ని మలయాళంలో 'విళక్కత్తిరిక్కల్' అంటారు. దీపం వద్ద కూర్చోవడం అని దాని అర్థం.

పొన్నానికి వచ్చే యాత్రికులు సాధారణంగా ఆ మసీదును, దాని చెక్కపనిని, పెంకుల కప్పును దర్శించి తిరుగు ప్రయాణమవుతారు. అక్కడికి దగ్గరలోనే చేపల రేవు ఉంది. ఆ రేవులోనూ గురుశిష్య పరంపర ఒకటి నడుస్తోంది. అక్కడి పాఠాలు పుస్తకాలలో దొరకవు. అవి కిరోసిన్ వాసన వేసే రేకుల కొట్లలో, నూనె అంటిన చేతుల మధ్య సాగుతాయి. ఈ వ్యాసం ఆ రేవును గురించినది.

కుట్టిప్పురంలో రైలు దిగి బస్సు ఎక్కితే పొన్నాని చేరవచ్చు. ఆనమలై కొండల్లో పుట్టి 209 కిలోమీటర్లు ప్రవహించే భారతప్పుళ ఈ పట్టణం పక్కనే అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఉత్తరం నుంచి తిరూరు నది కూడా అదే ముఖద్వారానికి వచ్చి చేరుతుంది. అవతలి ఒడ్డు పడింజారెక్కర. నది, సముద్రం కలిసే ఇటువంటి చోటును మన కృష్ణా, గోదావరి తీరవాసులు 'మొగ' అంటారు. నది మోసుకువచ్చిన ఇసుక అక్కడ మేట వేస్తుంది. సముద్రపు అల ఆ మేట మీదికి రాగానే లేచి విరుగుతుంది. వేటకు వెళ్ళే ప్రతి పడవా పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ విరిగే అలలను దాటవలసిందే.

నేను వెళ్ళినది జూలై నెలలో. కేరళలో జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 వరకు 52 రోజులు ట్రాలర్ల వేట నిషేధం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉన్నట్లే అక్కడ అది వానాకాలంలో వస్తుంది. అందువల్ల పెద్ద మరబోట్లన్నీ రేవులో వరుసగా కట్టివేసి ఉన్నాయి. సంప్రదాయ పడవలకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. వాటిని అక్కడ 'వళ్ళం' అంటారు. కవళ్ళు, కానాగంతలు తీరానికి దగ్గరగా వచ్చే ఆ రోజులలోనే చిన్న పడవలవారికి నాలుగు రాళ్ళు దొరుకుతాయి. సముద్రం అతి కోపంగా ఉండేదీ ఆ రోజులలోనే.

1980ల ఆరంభం నుంచి కేరళ వళ్ళాలకు ఔట్‌బోర్డ్ ఇంజన్లు వచ్చాయి. పడవ లోపల కాక, వెనుక చెక్కకు బయటివైపు బిగించే ఇంజను ఇది. కాకినాడ, భీమిలి వైపు ఫైబరు తెప్పలకు ఉండేవీ ఈ జాతివే. కేరళలో వీటిలో చాలావరకు కిరోసిన్‌తో నడుస్తాయి. అయితే కిరోసిన్ చల్లని ఇంజనులో సులభంగా ఆవిరి కాదు. కనుక ముందు చిన్న ట్యాంకులోని పెట్రోలుతో ఇంజనును లేపి, వేడెక్కిన తరువాత కిరోసిన్ వైపు తిప్పుతారు. ఒడ్డుకు చేరి ఆపబోయే ముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పి కొద్దిసేపు నడపాలి. లేకపోతే లోపల మిగిలిన కిరోసిన్ మరునాడు ఇంజనును లేవనివ్వదు.

నాకు ఆతిథ్యమిచ్చినది అక్కడి మదర్సాలో బోధించే ఒక మిత్రుడు. ఆయన పొరుగింటివారిది ఒక చిన్న వళ్ళం. నేను చేరడానికి రెండు రోజుల ముందు ఆ ఇంట ఒక ప్రమాదం తప్పింది. తెల్లవారుజామున వేట ముగించుకుని తండ్రీకొడుకులు తిరిగి వస్తున్నారు. మొగ వద్ద పెద్ద అలల వరుస ఒకటి దాటిపోయేవరకు ఆగుదామని తండ్రి వేగం తగ్గించాడు. వేగం తగ్గగానే ఇంజను పొగ కక్కి ఆగిపోయింది. ఆయన చోక్ లాగి తాడు గుంజాడు. లేవలేదు. ఇంధనం అందడం లేదేమోనని గొట్టం మీది రబ్బరు బంతిని గట్టిగా నొక్కి మళ్ళీ గుంజాడు. అప్పటికి పడవ అలకు అడ్డం తిరిగింది. అలకు ఎదురుగా ముక్కు నిలిపినంతసేపే పడవ పడవ. అడ్డం తిరిగితే అది తేలే చెక్క. తరువాతి అల తాకిడికి ఆయన పడవ అంచు మీద పడ్డాడు. భుజం స్థానం తప్పింది. వెనుక వస్తున్న మరో వళ్ళంవారు తాడు విసిరి లాగకపోతే ఏమయ్యేదో ఆ ఇంట ఎవరూ నోటితో అనడం లేదు.

తండ్రి మంచానికి పరిమితమయ్యాడు. వేట రోజులు చూస్తే కొన్నే. ఇంటర్మీడియట్ ముగించిన పందొమ్మిదేళ్ళ కొడుకు తన మేనమామను తోడు తీసుకుని వెళ్తానన్నాడు. తల్లి వద్దనలేదు, సరే అనలేదు. ఇంజను మాత్రం మరమ్మతు కొట్టుకు చేరింది.

మిత్రుడితో కలిసి నేనూ ఆ కొట్టుకు వెళ్ళాను. మెకానిక్కుకు అరవై ఏళ్ళు ఉంటాయి. గల్ఫ్‌లో చాలాకాలం పనిచేసినందున ఉర్దూ ధారాళంగా మాట్లాడగలరు. కేరళలో మదర్సా ఉపాధ్యాయుణ్ణి 'ఉస్తాద్' అని పిలుస్తారు. మన హైదరాబాదులో ఆ గౌరవం మెకానిక్కుకూ మేస్త్రీకీ దక్కుతుంది. ఆయన నన్ను ఉస్తాద్ అన్నారు. నేనూ అలవాటు కొద్దీ ఆయనను ఉస్తాద్ అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాము.

ఆయన ఇంజనుపై చేయి వేయలేదు. కుర్రవాణ్ణి పిలిచి, "మోనే, నువ్వే విప్పు" అన్నారు. మలయాళంలో 'మోనే' అంటే నాయనా అని. సముద్రం మీద తాను ఉండబోనని, అక్కడ విప్పవలసినది ఈ చేతులేనని ఆయన వాదన.

అక్కడ జరిగిన పాఠం అర్థం కావాలంటే కార్బొరేటర్ పని కొంత తెలియాలి. ఇంధనాన్ని గాలితో తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించే పరికరం అది. దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది. మన ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతి ఎలా పనిచేస్తుందో ఆ గిన్నెలో ఫ్లోటు అలా పనిచేస్తుంది. ఇంధనం నిండేకొద్దీ ఫ్లోటు పైకి లేస్తుంది. లేచి, మొన తేలిన ఒక చిన్న నీడిల్‌ను దాని రంధ్రంలోకి నెట్టి దారి మూసివేస్తుంది. ఇంధనం తగ్గితే ఫ్లోటు దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. ఆ నీడిల్ సరిగా కూర్చోకపోతే ట్యాంకు పొంగిపొర్లినట్లు గిన్నె పొంగుతుంది. ఇంజనులోకి గాలికి మించిన ఇంధనం చేరుతుంది. ప్లగ్గు తడిసిపోతుంది, నిప్పురవ్వ పుట్టదు. పాత స్కూటర్లు నడిపినవారు 'ఓవర్‌ఫ్లో' అనే మాట విని ఉంటారు. అదే ఇది.

ఇంజను ఆకలితో ఆగిందా, అజీర్తితో ఆగిందా అని మొదట తెలుసుకోవాలని ఉస్తాద్ కుర్రవాడికి చెప్పారు. రెండింటిలోనూ ఇంజను లేవదు, కాని వైద్యం పూర్తిగా వేరు. అజీర్తికి గుర్తులు స్పష్టమే. ఇంధనం వాసన ఘాటుగా వస్తుంది. కార్బొరేటర్ నోటినుంచి చుక్కలు కారుతాయి. పడవ వెనుక నీటి మీద రంగురంగుల నూనె పొర తేలుతుంది. పెద్ద వేగంలో బాగానే నడిచిన ఇంజను వేగం తగ్గించగానే పొగ వేసి తడబడుతుంది. ప్లగ్గు విప్పితే తడిగా ఉంటుంది. మొగ వద్ద వేగం తగ్గించినప్పుడే ఆ ఇంజను ఎందుకు ఆగిందో అప్పుడు కుర్రవాడికి అర్థమైంది. వేగంగా పోతున్నంతసేపు ఎక్కువైన ఇంధనాన్ని ఇంజను ఎలాగో మింగింది. నెమ్మదించగానే మునిగిపోయింది. చోక్ గాలిని మూసివేస్తుంది, రబ్బరు బంతి మరింత ఇంధనాన్ని నెడుతుంది. అంటే మునిగినదాని తలను ఇంకా లోపలికి తొక్కినట్లయింది.

గిన్నె అడుగు మరను విప్పి, కారిన ఇంధనాన్ని ఒక గాజు సీసాలోకి పట్టించారు. నీరు కలిసి ఉంటే సీసా అడుగున వేరుగా నిలుస్తుంది. ఇందులో నీరు లేదు. ఫ్లోటును తీసి చెవి దగ్గర ఊపమన్నారు. లోపల ద్రవం కదిలే చప్పుడు వస్తే దానికి చిల్లు పడినట్లే. అటువంటి ఫ్లోటు బరువెక్కి పైకి లేవదు. అదీ బాగానే ఉంది. ఫ్లోటు తిరిగే సన్నని పిన్ను బిగుసుకోలేదు. చివరకు నీడిల్‌ను బయటికి తీసి వెలుతురులో చూపించారు. దాని మొన చుట్టూ ఉంగరంలా ఒక అరుగుదల గీత ఉంది. గోరుతో తడిమితే తగులుతోంది. అది కూర్చునే రంధ్రం అంచున ఒక నూలు పోగు అతుక్కుని ఉంది. మా గడ్డం వెంట్రుక కన్నా సన్నని పోగు. దానివల్లనే దారి పూర్తిగా మూసుకోలేదు.

పోగు ఎక్కడిదని నేను అడిగాను. కుర్రవాడు కొద్దిసేపు మాట్లాడలేదు. కిరోసిన్‌ను డబ్బాలోకి వంచేటప్పుడు నలకలు పోకుండా ఇంట్లో ఉమ్మ పాత లుంగీ గుడ్డ కట్టి వడకడుతుందని మెల్లగా చెప్పాడు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ అడ్డుకునే మురికి కొంత, విడిచే పోగులు కొన్ని. వాటిని ఆపవలసిన గొట్టంలోని ఫిల్టరు ఎప్పుడో చిరిగి, తీసివేయబడి ఉంది. ఉస్తాద్ అరలోనుంచి సన్నని ఇత్తడి జాలి బిగించిన గరాటు ఒకటి తీసి అతని చేతిలో పెట్టారు. "ఇకమీదట దీనితో వడకట్టమని ఉమ్మకు చెప్పు. గుడ్డ సంగతి చెప్పకు" అన్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పై ఏళ్ళు గడిపిన నేను ఆ మాట దగ్గర కొంతసేపు ఆగిపోయాను.

కొత్త నీడిల్, కొత్త గ్యాస్కెట్ వేశారు. రంధ్రాలను పెట్రోలుతో కడిగి గాలి ఊదారు. ఇనుప తీగతో పొడవనివ్వలేదు. తీగ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, ఆ తరువాత ఆ కార్బొరేటర్ కొలత తప్పుతుంది. కార్బొరేటర్‌ను తలక్రిందులు చేసి, ఫ్లోటు బరువు నీడిల్‌ను నొక్కేలా పట్టుకుని, ఇంధనం వచ్చే గొట్టంలోకి నోటితో మెల్లగా ఊదమన్నారు. ఊపిరి పోలేదు. పోకపోవడమే పరీక్షలో ఉత్తీర్ణత. ఫ్లోటు ఎత్తు కంపెనీ పుస్తకంలోని కొలతతో సరిపోయింది.

ఆ తరువాత ఆయన మరికొన్ని దొంగదారులు చూపించారు. ఎండలో పెట్టిన ట్యాంకు మూత మీది గాలి మర బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి, ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా ఇంధనాన్ని నీడిల్ దాటించి నెడుతుంది. కాబట్టి ఒడ్డున గొట్టం ఊడదీసి ఉంచాలి. నడిపేటప్పుడు ఆ గాలి మర తెరిచి ఉంచాలి. ఇంజనును నీటినుంచి పైకి వంచినప్పుడు గిన్నె కూడా వంగుతుంది, ఫ్లోటు పట్టు తప్పుతుంది. కనుక అప్పుడూ గొట్టం తీసివేయాలి. కార్బొరేటర్ అంతా బాగున్నా ప్లగ్గు తడుస్తూనే ఉంటే ఫ్యూయల్ పంపులోని పల్చని పొర చిరిగిందేమో చూడాలి. ఆ చిరుగులోనుంచి ఇంధనం నేరుగా ఇంజను గర్భంలోకి పోతుంది.

సాయంత్రం పడుతుండగా అసలు పాఠం మొదలైంది. సముద్రం మీద ఇంజను మునిగితే చేయవలసిన పని వరుస అది. ఆయన చెప్పిన క్రమాన్ని, ఇటువంటి ఇంజను వాడే మన తీరం కుటుంబాలకూ పనికి వస్తుందని, ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మొదటిది, తాడు లాగడం ఆపాలి. లంగరు వేయగల లోతు అయితే వేయాలి. రెండో మనిషి తెడ్డుతో పడవ ముక్కును అలకు ఎదురుగా నిలపాలి. ఇంజను కన్నా ముందు చూడవలసినది ఇదే. రెండోది, ఇంధనం గొట్టం ఊడదీయాలి, చోక్ బొత్తం లోపలికి నెట్టాలి. పడవలో ఎవరి చేతిలోనూ బీడీ గాని, మరే నిప్పు గాని ఉండరాదు. మూడోది, గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్‌ను అది తిరిగినంతవరకు తెరిచి, తాడు ఐదారుసార్లు నిదానంగా లాగాలి. లోపలికి గాలి వెళ్ళి ఎక్కువైన ఇంధనం తగ్గుతుంది. చాలాసార్లు ఇంజను ఇక్కడే దగ్గుతూ లేస్తుంది. లేచిన వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి గొట్టం పెట్టాలి.

అప్పటికీ లేవకపోతే ప్లగ్గులు విప్పాలి. నిప్పురవ్వ రాకుండా స్టాప్ తాడు తీసివేసి, ప్లగ్గులు లేకుండా తాడు కొన్నిసార్లు లాగాలి. సిలిండరులోని ఇంధనం బయటికి చిమ్ముతుంది. ప్లగ్గులను తుడిచి ఆరనిచ్చి, లేదా వెంట ఉంచుకున్న పొడి ప్లగ్గులను బిగించాలి. గిన్నెలో కిరోసిన్ నిలిచి ఉంటే అడుగు మర విప్పి ఒక డబ్బాలోకి దించి, పెట్రోలుతోనే లేపాలి. కిరోసిన్ పెట్రోలులా త్వరగా ఆరిపోదు. ఈసారి చోక్ ముట్టరాదు. ఇందుకోసం పడవలో ఒక డబ్బాలో ప్లగ్గు స్పానరు, రెండు ప్లగ్గులు, స్క్రూడ్రైవరు, పొడి గుడ్డ తడవకుండా కట్టి ఉంచాలి.

కుర్రవాడు ఈ క్రమాన్ని మూడుసార్లు చేసి చూపించాడు. నాలుగోసారి ఉస్తాద్ కొట్లోని దీపం ఆర్పివేశారు. చీకటిలో స్పానరు ఒకసారి జారి పడింది. అతను వెదకి తీసుకుని పని పూర్తి చేశాడు. దీపం చుట్టూ కూర్చుని చదివిన ఊరిలో దీపం ఆర్పి పరీక్ష పెట్టే గురువును చూశాను.

అప్పటికి అతని తల్లి వచ్చి గుమ్మం బయట నిలబడి ఉంది. ఇంజను మళ్ళీ ఆగదు కదా అని ఆమె అడిగినట్లు మిత్రుడు నాకు తెలియజేశాడు. ఉస్తాద్ హామీ ఇవ్వలేదు. "యంత్రం కదా, ఆగవచ్చు చెల్లీ. ఆగితే ఏమి చేయాలో ఇప్పుడు నీ కొడుకుకు తెలుసు. ఏమి చేయకూడదో కూడా తెలుసు" అన్నారు.

2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు మలప్పురం, కొల్లం, తిరువనంతపురం జిల్లాల మత్స్యకారులు తమ పడవలను లారీల మీద ఎక్కించుకుని లోతట్టు పట్టణాలకు వెళ్ళిన సంగతి లోకమంతా చూసింది. వీధుల్లో, ఇళ్ళ గోడల మధ్య, కొట్టుకువచ్చిన చెత్తలో వారు ఈ ఇంజన్లనే నడిపి ప్రజలను ఒడ్డుకు చేర్చారు. వారి ధైర్యాన్ని అందరూ కొనియాడారు. ఆ ధైర్యం వెనుక ఇటువంటి రేకుల కొట్లలో గడిచిన సాయంత్రాలు ఎన్ని ఉన్నాయో పొన్నానిలో నాకు కొంత తెలిసింది. మునిగిన ఇంజనును లేపడం వచ్చిన చేతులే మునిగిన ఇళ్ళ వద్దకూ చేరగలిగాయి.

మరునాడు ఫజ్ర్ నమాజు తరువాత మేము రాతికట్ట మీదికి వెళ్ళాము. వాన వెలిసింది. మేనమామ ముందు భాగంలో తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు, కుర్రవాడు వెనుక ఇంజను వద్ద. పెట్రోలు మీద రెండో గుంజుకు ఇంజను లేచింది. కాసేపటికి శబ్దం మారింది, కిరోసిన్‌కు తిప్పాడని మిత్రుడు చెప్పాడు. మొగ దగ్గరికి చేరుతుండగా బయట మూడు పెద్ద అలలు వరుసగా లేచాయి. కుర్రవాడు వేగం తగ్గించాడు. ఇంజను శబ్దం సన్నగిల్లి, గాలిలో దాదాపు వినిపించకుండా పోయింది. కట్ట మీద ఎవరూ మాట్లాడలేదు. మూడో అల విరిగి తెల్లని నురుగై నదిలోకి పాకింది. శబ్దం మళ్ళీ పెరిగింది. వళ్ళం మొగ దాటి దక్షిణానికి తిరిగింది.

తల్లి ఇంకొంతసేపు నిలబడి, ఇంటి దారి పట్టింది. ఆమె చేతిలో ఇత్తడి జాలి గరాటు ఉంది. కడిగి ఆరబెట్టడానికి తీసుకువెళుతోంది.